తెరచాపల చరిత్ర – 9: లిమింగ్టన్ పడవ, ఫాస్ట్‌నెట్ తుఫాను

1979 ఫాస్ట్‌నెట్ తెరచాప పడవల పందెం ఫలితాల పట్టిక చాలా చిన్నది. అన్నిటికన్నా పెద్ద పడవలున్న సున్నా తరగతిలో 14 బయలుదేరితే 13 గమ్యం చేరాయి. ఒకటో తరగతిలో 56కి 36. రెండులో 53కి 23. మూడులో 64కి 6, నాలుగులో 58కి 6. అన్నిటికన్నా చిన్న పడవలున్న ఐదో తరగతిలో 58 బయలుదేరాయి, చేరింది ఒకటే. ఆ పడవ పేరు అసెంట్. పొడవు 32 అడుగులు. ఇంగ్లండ్ దక్షిణ తీరాన లిమింగ్టన్ అనే రేవు పట్టణంలో, జెరెమీ రోజర్స్ కార్ఖానాలో తయారైన కాంటెస్సా 32 రకం పడవ అది.

పట్టికను పైనుంచి కిందికి చదివితే ఒక సంగతి చప్పున తెలుస్తుంది. పడవ ఎంత చిన్నదైతే తుఫాను విరుచుకుపడిన ఆ రాత్రి దానికి అంత గడ్డురాత్రి అయింది. అరవై అడుగుల యాట్‌ను ఊపి వదిలేసిన కెరటమే ముప్పై అడుగుల పడవను పక్కకు పడదోస్తుంది. సముద్రం మీద బతికే వాళ్లందరికీ ఇది తెలిసిందే. మరి ఆఖరి వరుసలోని ఆ ఒక్క పడవ సంగతేమిటి? అదృష్టమా, నడిపినవాళ్ల నేర్పా, పడవలోనే ఏదైనా ఉందా? నాకైతే మూడూ ఉన్నాయనే అనిపిస్తుంది. మొదటి రెండింటినీ కొలవడం ఎవరివల్లా కాదు. మూడోదాన్ని కొలవవచ్చు. కొలిచారు కూడా. ఆ కొలతల తర్వాత సముద్రానికి పనికొచ్చే పడవ ఏదన్న ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతే మారిపోయింది.

ఆ పడవలో ఏముందో తెలియాలంటే దాని పూర్వీకుల దగ్గర మొదలుపెట్టాలి. గత భాగంలో పైలట్ కట్టర్ల గురించి చెప్పుకున్నాం. 1925లో మొట్టమొదటి ఫాస్ట్‌నెట్ పందెం గెలిచిన జోలీ బ్రిజ్ ఆ జాతిదే. 1913లో ఫ్రాన్స్‌లోని ల హావ్ర్‌లో తయారైంది. రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపే పైలట్లను గాలివానలో సైతం మోసుకుపోవడం దాని పని. పందేల కోసం పుట్టిన పడవ కాదు. పని పడవల్లో తరతరాలుగా పోగుపడిన ఈ జ్ఞానం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో సొంత సరదాకు సముద్రం మీదికి వెళ్లే మామూలు మనుషుల చిన్న పడవల్లోకి దిగింది. బ్రిటన్‌లో ఆ మార్పుకు కేంద్రాల్లో ఒకటి ఈ లిమింగ్టనే.

అక్కడ జాక్ లారెంట్ జైల్స్ అనే రూపశిల్పి ఉండేవాడు. ఆయన గీసిన వర్చ్యూ జాతి పడవల్లో మొదటిది, ఆండ్రిలో, 1936లో నీళ్లలోకి దిగింది. పొడవు పాతిక అడుగుల పైచిలుకు, వెడల్పు ఏడడుగుల కొంచెం. ఇద్దరు మనుషులు వారాంతంలో తీరం వెంట తిరిగి రావడానికి సరిపోయే కొలతలు. 1950లో హంఫ్రీ బార్టన్ ఒక సహచరుడితో కలిసి ఈ జాతి పడవలోనే ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ నుంచి న్యూయార్క్ వెళ్లాడు. ప్రయాణం 47 రోజులు పట్టింది. దారిలో పెనుతుఫాను ఆ పడవను ఒక పక్కకు విసిరికొట్టింది. కేబిన్ పక్కభాగం దెబ్బతింది, నీళ్లు లోపలికొచ్చాయి. అయినా పడవ మళ్లీ నిలబడింది, మనుషులు బతికారు. సముద్రయానానికి పెద్ద పడవే కావాలన్న నమ్మకం ఈ ఒక్క ప్రయాణంతో చాలా సడలింది.

కాంటెస్సాకు రెండో పూర్వీకురాలు స్కాండినేవియాది. మామూలు సంపాదనపరులు కొనుక్కోగలిగే పడవ కోసం అక్కడి సంఘాలు 1941–42లో ఒక పోటీ పెట్టాయి. వచ్చిన నమూనాల్లో ఏదీ పూర్తిగా నచ్చలేదు. నాలుగింటిలోని మంచి గుణాలను కలిపి గీసే పని టోర్డ్ సుండెన్‌కు అప్పగించారు. అలా వచ్చిందే ఫోక్‌బోట్. బరువు రెండు టన్నులకు కొంచెం తక్కువ, అందులో సగానికి పైగా నీటి అడుగున ఉండే కీల్‌లోనే. 1960లో జరిగిన మొదటి ఒంటరి అట్లాంటిక్ పందెంలో పాల్గొన్నవి అయిదే పడవలు. వాటిలో రెండు ఫోక్‌బోట్లు, ఒకటి వర్చ్యూ. ఫ్రాన్సిస్ చిచెస్టర్ తన పెద్ద పడవలో 40 రోజుల్లో చేరి గెలిచాడు. బ్లాండీ హాస్లర్ తన ఫోక్‌బోట్ జెస్టర్‌కు చైనా తరహా తెరచాప కట్టి 48 రోజుల్లో రెండోవాడిగా చేరాడు.

జెరెమీ రోజర్స్ ఈ ఫోక్‌బోట్లు కడుతూ చేయి తిరిగినవాడు. పల్చని చెక్క పొరలను జిగురుతో ఒకదానిమీద ఒకటి అంటించి పడవ పొట్టను మలిచేవాడు. ఫైబర్‌గ్లాస్ వచ్చాక దారి మారింది. ఒకసారి అచ్చు చేసుకుంటే అదే ఆకారం ఎన్నిసార్లైనా వస్తుంది. ఖర్చు తగ్గుతుంది, మధ్యతరగతి మనిషికి అందుతుంది. డేవిడ్ శాడ్లర్ గీతలతో 1966లో కాంటెస్సా 26 వచ్చింది. చూపుకు ఫోక్‌బోటే, ఒళ్లు మాత్రం ఫైబర్‌గ్లాస్. 1985లో న్యూయార్క్ నుంచి బయలుదేరిన పద్దెనిమిదేళ్ల తానియా ఈబీ ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి 1987లో తిరిగొచ్చింది ఈ రకం పడవలోనే. ఆమె పడవ వరుణకు మన జలదేవుడి పేరు.

పాతిక అడుగుల పడవలో కుటుంబంతో నెల రోజులు గడపడం కష్టమే. ఇంకొంచెం పెద్దది కావాలని కొనేవాళ్లు అడిగారు. శాడ్లర్, రోజర్స్ ఇద్దరూ 1970లో కాంటెస్సా 32 గీశారు. 1972 లండన్ పడవల ప్రదర్శనలో ఆ ఏటి మేటి పడవగా దానికి గౌరవం దక్కింది. పొడవు 32 అడుగులు. నీటిని తాకే పొడవు 24 అడుగులే, ఎందుకంటే ముందు భాగమూ వెనక భాగమూ నీటిపైకి సాగి ఉంటాయి. వెడల్పు తొమ్మిదిన్నర అడుగులు. నీటి కింద లోతు అయిదున్నర అడుగులు. మొత్తం బరువు దాదాపు 4,300 కిలోలు. అందులో 2,040 కిలోలు, అంటే నూటికి 47 పాళ్లు, అడుగున కీల్‌లో పోసిన లోహమే. ఆ లోహాన్ని బోల్టులతో బిగించలేదు. పడవ పొట్ట పోతలోనే కీల్ ఆకారాన్ని కూడా పోసి దాని లోపల నింపారు. ఊడిపోవడానికి అక్కడ బోల్టే లేదు.

పాత పడవల్లో కీల్ ముందునుంచి వెనకదాకా సాగి, చుక్కాని దాని చివరకు వేలాడేది. కాంటెస్సా 32లో కీల్ పొట్టిది, రెక్కలా కిందికి దిగుతుంది. నీటి ఒరిపిడి తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. చుక్కాని మాత్రం ఒంటరిగా లేదు. దాని ముందు పొట్టలోంచి దిగిన మరో చిన్న గట్టి రెక్క ఉంటుంది. తేలుతూ వచ్చే దుంగ తగిలినా, కెరటం పక్కనుంచి కొట్టినా మొదటి దెబ్బ ఆ రెక్కది. కొత్త వేగానికీ పాత జాగ్రత్తకూ మధ్య ఇంత నిక్కచ్చిగా గీత గీసిన పడవ ఆ దశాబ్దంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

దీనికి మూల్యం లేకపోలేదు. పడవ ఇరుకు. కేబిన్ మధ్యలో తప్ప మరెక్కడా నిటారుగా నిలబడలేం. పక్కగోడల ఎత్తు తక్కువ కావడంతో ఎదురుగాలిలో డెక్ మీదికి నీళ్లు ధారాళంగా వస్తాయి. కొత్తగా ఎక్కినవాళ్లకు ఇంకోటి భయం పుట్టిస్తుంది. గాలి కాస్త పెరగగానే ఇది చప్పున ఒరుగుతుంది. వెడల్పాటి పడవలు మొదట్లో అంత తొందరగా ఒరగవు. రేవులో నిలబడి చూసే కొనుగోలుదారు ఈ రెండింటిలో ఏది భద్రమని అనుకుంటాడో ఊహించడం కష్టం కాదు. అతను పొరబడతాడు. ఆ పొరపాటు ఎలాంటిదో 1979లో తెలిసొచ్చింది.

అంతకుముందు పందెం నిబంధనల గురించి నాలుగు మాటలు చెప్పాలి. వేర్వేరు పొడవుల పడవలు ఒకే పందెంలో దిగితే పెద్దదానిదే గెలుపు. అందుకని కొలతలు తీసి, లెక్కకట్టి, ఏ పడవ ఎంత వేగంగా పోగలదో ముందే అంచనా వేసి, ఆ మేరకు సమయంలో సవరణ చేస్తారు. 1970ల్లో ఆ లెక్క పేరు ఇంటర్నేషనల్ ఆఫ్‌షోర్ రూల్. ఏ లెక్కలోనైనా సందులుంటాయి, తెలివైన రూపశిల్పులు వాటిని వెతికి పట్టుకుంటారు. నిలకడ ఎక్కువున్న పడవను ఈ నిబంధన వేగవంతమైనదిగా లెక్కగట్టేది. కాబట్టి అడుగున బరువు తగ్గించి లెక్కలో లాభం పొందడం మొదలైంది. అలా పోయిన నిలకడను వెడల్పుతోనూ, గాలి వచ్చే వైపు అంచున వరసగా కూర్చునే మనుషుల బరువుతోనూ పూడ్చుకున్నారు. కొలత తీసే చోట ఉబ్బు, మిగతా చోట్ల సన్నం. పందేల్లో ఈ పడవలు బ్రహ్మాండంగా గెలిచాయి. కాకపోతే వాటి ఆకారాన్ని నిర్ణయించింది కొలత పట్టీ. కెరటాన్ని ఎవరూ సంప్రదించలేదు.

1979 ఆగస్టు 11, శనివారం. ఐల్ ఆఫ్ వైట్‌లోని కౌస్ నుంచి 303 పడవలు బయలుదేరాయి. పశ్చిమంగా ఇంగ్లండ్ కొసదాకా పోయి, అక్కణ్ణుంచి సెల్టిక్ సముద్రం దాటి, ఐర్లండ్ నైరుతి మూలన ఉన్న ఫాస్ట్‌నెట్ బండరాయినీ దాని మీది దీపస్తంభాన్నీ చుట్టి ప్లిమత్ చేరాలి. మొత్తం 605 నాటికల్ మైళ్లు. మొదటి రెండు రోజులూ గాలి మందంగానే ఉంది. సోమవారం మధ్యాహ్నం రేడియోలో వచ్చిన వాతావరణ సూచన ఓ మాదిరి బలమైన గాలినే చెప్పింది. సాయంత్రానికి హెచ్చరికల స్వరం మారింది. గాలి బలాన్ని చెప్పే బ్యూఫోర్ట్ కొలతలో పదో అంకె వినబడేసరికి చిన్న పడవలన్నీ తీరానికి దూరంగా నడిసముద్రంలో ఉన్నాయి. అట్లాంటిక్ మీదుగా దూసుకొచ్చిన వాయుగుండం అనుకున్నదానికన్నా వేగంగా బలపడింది. దాని వెనక గాలి దిశ మార్చుకుని, అప్పటికే లేచి ఉన్న కెరటాల మీదికి మరో దిక్కునుంచి కొత్త కెరటాలను తోసింది. రెండు దిక్కుల కెరటాలు కలిసిన చోట నీరు నిట్టనిలువుగా లేచి విరిగిపడింది. నలభై అడుగుల ఎత్తున చూశామని బతికొచ్చినవాళ్లు చెప్పారు.

ఎత్తు ఒక్కటే అయితే పడవ దాని మీద తేలిపోతుంది. చంపేది విరిగిపడే కెరటం. దాని కొసన ఉన్న నీళ్లు టన్నుల బరువుతో పరుగెత్తుతూ వచ్చి పడవ పక్కను ఢీకొంటాయి. తర్వాత విచారణలో ప్రశ్నావళికి జవాబిచ్చిన పడవల్లో దాదాపు సగం, ఆ రాత్రి తమ తెరచాప కొయ్య నీటిని తాకేదాకా పడిపోయామని చెప్పాయి. మూడో వంతు పడవలు అంతకు మించి తిరిగాయి, కొన్ని పూర్తిగా తలకిందులయ్యాయి. చాలావరకు క్షణాల్లో లేచాయి. అయిదు మాత్రం లేవలేదు. అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల దాకా బోర్లాపడే ఉండిపోయాయి.

వాటిలో గ్రిమాల్కిన్ ఒకటి. 30 అడుగుల పందెం పడవ, ఆరుగురు మనుషులు. పడవ బోర్లాపడినప్పుడు నడుముకు కట్టుకున్న తాళ్లతో దానికే బంధించి ఉన్నవాళ్లు నీటి కింద చిక్కుకుపోయారు. యజమాని సముద్రంలో పోయాడు. చివరికి పడవ తిరిగింది. కొయ్య విరిగి, లోపల సగం నీళ్లతో ఉంది. కదలిక లేకుండా పడి ఉన్న ఇద్దరు సహచరులు చనిపోయారనుకుని ముగ్గురు రబ్బరు తెప్పలోకి దిగి బయటపడ్డారు. ఆ ఇద్దరూ అప్పటికి బతికే ఉన్నారు. ఒకరు కొద్ది గంటల తర్వాత ప్రాణం విడిచాడు. రెండోవాడు నిక్ వార్డ్. అతన్ని ఆ సాయంత్రం హెలికాప్టర్ పైకి లాగింది. గ్రిమాల్కిన్ అప్పటికీ తేలుతూనే ఉంది. వదిలి వెళ్లినవాళ్లను తప్పుపట్టే హక్కు మనలో ఎవరికీ లేదు. ఆ చీకట్లో, ఆ చలిలో, తలకు దెబ్బలు తగిలిన యువకులు తీసుకున్న నిర్ణయమది.

పందెంలో పాల్గొన్నవారిలో 15 మంది చనిపోయారు. కార్న్‌వాల్‌లోని కల్‌డ్రోజ్ నుంచి లేచిన నౌకాదళ హెలికాప్టర్లు, ఐర్లండ్, ఇంగ్లండ్ తీరాల లైఫ్‌బోట్లు, పందానికి కాపలాగా వచ్చిన డచ్చి యుద్ధనౌక ఓవరైసెల్, దారినపోయే ఓడలు కలిసి వందమందికి పైగా కాపాడాయి. అమెరికన్ టెడ్ టర్నర్ తన 61 అడుగుల టెనేషియస్‌తో పందెం గెలిచాడు. మరుసటి ఏడాది సీఎన్‌ఎన్ ఛానల్ స్థాపించింది ఆయనే. మొత్తం పడవల లెక్క ఇదీ: 85 గమ్యం చేరాయి, 194 పందెం మానుకుని రేవులకు పోయాయి, మనుషులు వదిలేసిన పడవలు 24. ఆ 24లో మునిగినవి అయిదే. మిగతా 19 తేలుతూ దొరికాయి. రబ్బరు తెప్పల్లోకి దిగే యత్నంలోనూ, దిగాకా ఏడుగురు చనిపోయారని విచారణ నివేదిక తేల్చింది. వాళ్లు వదిలిన పడవలు తర్వాత నీటి మీదే దొరికాయి. తెప్పలోకి కిందికి దిగకు, పడవ మునిగిపోతుంటే అప్పుడే తెప్పలోకి పైకెక్కు అని నేటికీ సముద్రయాన శిక్షణలో చెప్పే పాఠానికి ఈ రాత్రే సాక్ష్యం.

ఇంతలో అసెంట్ ప్లిమత్ చేరింది. పడవ విల్లీ కెర్‌ది. ఆ పందెంలో దాన్ని నడిపింది కొడుకు అలన్ కెర్.

బ్రిటన్‌లోని రాయల్ యాటింగ్ అసోసియేషన్, పందెం నిర్వహించే రాయల్ ఓషన్ రేసింగ్ క్లబ్ కలిసి జరిపిన విచారణ నివేదిక ఆ డిసెంబరులోనే వచ్చింది. అందులో నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆపేది ఒక రేఖాచిత్రం. రెండు పడవల నిలకడను పక్కపక్కన గీశారు. ఒకటి గ్రిమాల్కిన్, రెండోది కాంటెస్సా 32.

ఆ రేఖలు చెప్పేదేమిటో కొంచెం నెమ్మదిగా చూద్దాం. పడవ బరువంతా ఒక బిందువు గుండా కిందికి లాగుతుంది. నీరు మరో బిందువు గుండా పైకి నెడుతుంది. పడవ ఒరిగినప్పుడు నీటిలో మునిగిన భాగం ఆకారం మారుతుంది గనక నీరు నెట్టే బిందువు ఒరిగిన వైపుకు జరుగుతుంది. ఈ రెండింటి మధ్య ఏర్పడే ఎడమే పడవను మళ్లీ నిలబెట్టే బలం. వెడల్పాటి పడవలో ఆ బిందువు మొదటి ఒరుగుకే చాలా దూరం జరుగుతుంది. అందుకే అది రేవులో గట్టిగా నిలబడినట్టు కనిపిస్తుంది. కానీ పూర్తిగా పక్కకు పడ్డాక ఆ వెడల్పు పనికిరాదు. అప్పుడు పనిచేసేది అడుగున ఉన్న బరువే. తంజావూరు బొమ్మను ఎటు పడేసినా లేచి కూర్చోవడం చిన్నప్పుడు చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు.

ఇలా ఒరుగుతూ పోతుంటే ఏదో ఒక కోణం దగ్గర నిలబెట్టే బలం సున్నా అవుతుంది. అది దాటితే పడవ తనంతట తానే తలకిందులవుతుంది. గ్రిమాల్కిన్‌కు ఆ కోణం దాదాపు 120 డిగ్రీల దగ్గర వచ్చింది. కాంటెస్సా 32కు 155 డిగ్రీల చుట్టుపక్కల. 90 డిగ్రీలంటే కొయ్య నీటిమీద పడుకోవడం, 180 అంటే పూర్తిగా బోర్లా. అంటే కాంటెస్సా బోర్లాపడితే రెండు వైపులా పాతికేసి డిగ్రీల ఇరుకు సందులోనే అది అలా ఉండగలదు. తర్వాతి కెరటం కొంచెం కదిపితే చాలు, తిరిగి లేస్తుంది. గ్రిమాల్కిన్‌కు ఆ సందు అరవై డిగ్రీలు. వెడల్పాటి డెక్ మీద, బల్లపరుపుగా, నిశ్చింతగా తలకిందులుగా తేలుతుంది. రేవులో దాన్ని నిటారుగా నిలిపిన వెడల్పే ఇక్కడ దాన్ని బోర్లా నిలిపింది.

నివేదిక తర్వాత సౌతాంప్టన్ విశ్వవిద్యాలయపు వుల్ఫ్‌సన్ యూనిట్ నీటి తొట్టెల్లో నమూనా పడవల మీద కెరటాలు విరగ్గొట్టి చూసింది. పడవ పక్కకు తిరిగి ఉన్నప్పుడు, దాని పొడవులో 30 శాతం ఎత్తున విరిగే కెరటం కొన్ని పడవలను బోల్తా కొట్టించింది. 60 శాతం ఎత్తున విరిగే కెరటం పరీక్షించిన ప్రతి నమూనానూ బోల్తా కొట్టించింది. 32 అడుగుల పడవకు ఇవి పది అడుగులు, పంతొమ్మిది అడుగులు. ఆ రాత్రి సెల్టిక్ సముద్రంలో అలాంటి కెరటాలు కోకొల్లలు. కాంటెస్సా అయినా మరేదైనా, తగిన కెరటం తగిన చోట తగిలితే పడుతుంది. పడని పడవ లేదు. పడ్డాక ఏమవుతుందన్న దగ్గరే పడవకూ పడవకూ తేడా. అసెంట్ ఒక్కటే చేరిందన్న వార్తకన్నా ఈ రేఖాచిత్రం బలమైన సాక్ష్యమని నేననేది అందుకే.

అమెరికాలో జరిగిన పరిశోధనలో మరో వింత బయటపడింది. బరువైన తెరచాప కొయ్య పడవను పైభారం చేసి ముంచుతుందని అందరూ అనుకునేవారు. నిజానికి ఎత్తున ఉన్న ఆ బరువు హఠాత్తుగా తగిలే దెబ్బకు పడవ గిర్రున తిరగకుండా అడ్డుపడుతుంది. కొయ్య విరిగిపోయిన పడవ రెండోసారి ఇంకా తేలిగ్గా బోల్తాపడుతుంది. తుఫానులో ఒకసారి పడిన పడవలు మళ్లీ మళ్లీ ఎందుకు పడ్డాయో దీంతో అర్థమైంది. ఎవరైనా తమ పడవ గురించి స్థూలంగా తెలుసుకునే సూత్రం కూడా ఆ దేశం నుంచే వచ్చింది. పడవ బరువును పౌన్లలో తీసుకుని 64తో భాగించి, ఘనమూలం కట్టి, అడుగుల్లో ఉన్న వెడల్పును దానితో భాగించాలి. జవాబు 2 కన్నా తక్కువ రావాలి. కాంటెస్సా 32కు 1.8 వస్తుంది. 1998 నుంచి ఐరోపాలో అమ్మే ప్రతి కొత్త విహార పడవకూ నిలకడ పరీక్ష తప్పనిసరి. మహాసముద్ర తరగతికి అర్హత పొందాలంటే కాంటెస్సా అంత బరువున్న పడవ కనీసం 121 డిగ్రీల దాకా తనంతట తాను లేవగలగాలి. గ్రిమాల్కిన్ ఆ గీత దగ్గర ఆగిపోతుంది. కాంటెస్సా మరో ముప్పై డిగ్రీలు మిగుల్చుకుంటుంది.

పందేల నిబంధనలూ కట్టుదిట్టమయ్యాయి. రేడియోలు తప్పనిసరి చేశారు. నడుము తాళ్ల కొక్కేలు, వాటిని తగిలించే గట్లు, కేబిన్ ద్వారాల పలకలు పడవ తలకిందులైనా ఊడిపోకుండా ఉండాలన్నారు. ఆ రాత్రి కొన్ని కొత్త పందెం పడవల్లో తేలికకోసం పెట్టిన కార్బన్ ఫైబర్ చుక్కానులు విరిగాయి. వాటిమీదా దృష్టి పడింది.

లిమింగ్టన్ కార్ఖానాకు ఇంత పేరొచ్చినా మంచిరోజులు నిలవలేదు. 1980ల తొలినాళ్ల ఆర్థిక మాంద్యంలో రోజర్స్ సంస్థ చితికిపోయింది. 1983 నాటికి కాంటెస్సా 32 తయారీ ఆగింది. అప్పటికి 700కు పైగా పడవలు నీళ్లలో ఉన్నాయి. శాడ్లర్ తన దారిన తాను వెళ్లి శాడ్లర్ 32 గీశాడు. అదే స్వభావం, ఇంకొంచెం చోటు. రోజర్స్ 1996లో మళ్లీ కాంటెస్సా 32 తయారీ మొదలుపెట్టాడు. పాతికేళ్ల నాటి ఆకారానికి మళ్లీ కొనేవాళ్లు దొరికారు.

పాత పడవలు మాత్రం అన్నాళ్లూ ఊరికే లేవు. 1984లో జాన్ క్రెచ్‌మర్ జీజీ అనే కాంటెస్సా 32లో న్యూయార్క్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు కేప్ హార్న్ చుట్టి వెళ్లాడు, అదీ ఎదురుగాలుల దిక్కున, తూర్పు నుంచి పడమరకు. విల్లీ కెర్ అసెంట్‌ను గ్రీన్‌లాండ్ మంచు అంచులకూ, తర్వాత అంటార్కిటికాకూ నడిపాడు. కుటుంబాల వారాంతపు విహారాలకు గీసిన పడవ మంచుగడ్డల మధ్యకు పోయిందంటే గీసినవాళ్లు దానిలో ఎంత మిగులు బలం పెట్టారో తెలుస్తుంది.

ఈ చర్చ మన దేశానికీ వచ్చింది. 2018లో ఒంటరి ప్రపంచయానపు గోల్డెన్ గ్లోబ్ పందాన్ని యాభై ఏళ్ల తర్వాత మళ్లీ పెట్టినప్పుడు, పడవలు 32 నుంచి 36 అడుగుల మధ్య ఉండాలని, 1988కి ముందు గీసినవై ఉండాలని, కీల్ పొడవుగా సాగి చుక్కాని దాని చివరే ఉండాలని షరతు పెట్టారు. చుక్కాని కీల్‌కు విడిగా ఉన్న కాంటెస్సా 32కు ఆ షరతు ప్రకారం ప్రవేశం లేదు. నాకిది అన్యాయంగానే తోస్తుంది. ఆ పందెంలో భారత నౌకాదళ అధికారి అభిలాష్ టామీ గోవాలో కట్టిన తురీయతో దిగాడు. సెప్టెంబరులో దక్షిణ హిందూ మహాసముద్రంలో పడవ బోల్తాపడింది, కొయ్యలు విరిగాయి, ఆయన వెన్నెముక గాయపడింది. ఒక ఫ్రెంచి నౌక వచ్చి కాపాడింది. పొడవాటి కీల్ ఉన్న మరికొన్ని పడవలకూ అదే గతి పట్టింది. బ్రిటిష్ యువతి సూసీ గూడాల్ నడిపిన రస్ట్‌లర్ 36 రకం పడవను పసిఫిక్‌లో కెరటం ముందుకు పల్టీ కొట్టించింది. ఆ పందెం గెలిచిందీ మరో రస్ట్‌లర్ 36 పడవే. 73 ఏళ్ల ఫ్రెంచివాడు జాన్‌లూక్ వాన్ డెన్ హీడ్ 212 రోజుల్లో చుట్టివచ్చాడు.

రస్ట్‌లర్ 36 కూడా ఈ పరంపరలోదే. హోల్మన్ అండ్ పై సంస్థ 1980లో గీసింది. తయారీ కార్న్‌వాల్‌లో. బరువు ఏడున్నర టన్నులు, అందులో నూటికి 45 పాళ్లు కీల్‌లో. వెన్ను బాగయ్యాక అభిలాష్ టామీ 2022 పందానికి ఎంచుకున్నది ఈ పడవనే. పేరు బయానత్. 2023 ఏప్రిల్ 29న ఫ్రాన్స్‌లోని లే సాబ్ల్ డొలోన్ రేవుకు రెండోవాడిగా చేరాడు. ఇలాంటి ఒంటరి ప్రపంచయాన పందెంలో భారతీయుడికి దక్కిన అతి గొప్ప స్థానం అది. రెండు రోజుల ముందు చేరి గెలిచిన కిర్‌స్టెన్ నాయ్‌షాఫర్ దక్షిణాఫ్రికా మహిళ.

కీల్‌లో బరువు, తిరిగి లేచే గుణం అన్న ఈ సూత్రాన్నే పెద్ద కొలతలో నమ్ముకుని 2017–18లో ప్రపంచాన్ని చుట్టిన మన నౌకాదళపు 56 అడుగుల తారిణిలో ఆరుగురు మహిళా అధికారులు ఉన్నారు. వాళ్లలో విశాఖపట్నం అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి తెలుగువాళ్లు.

వచ్చే భాగంలో ఇంకో 32 అడుగుల పడవ కథ. 1960ల్లో బొంబాయిలో టేకుతో కట్టిన సుహైలీ. ఆధునిక లెక్కలేవీ రాకముందే, 1968 జూన్ 14న ఫాల్మత్‌లో లంగరెత్తి, 312 రోజుల తర్వాత అదే రేవుకు తిరిగొచ్చి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషిగా రాబిన్ నాక్స్-జాన్‌స్టన్‌ను నిలిపిన పడవ.